వృత్తి: కూలి

మా బడి అడ్మిషన్ రిజిస్టరులో పిల్లగాడి పేరు, పుట్టిన తేదీ, కులం రాశాక తల్లిదండ్రుల వృత్తి అని ఒక గడి ఉంటది. పాత రిజిస్టర్లు దుమ్ము దులిపి చూస్తే ఆ గడిలోనే ఊరంతా కనపడుద్ది. ఊళ్లో పిల్లలకు వ్యవసాయం, వ్యాపారం, కరణీకం, వడ్రంగం, మంగలి పని. మా గూడెం పిల్లలకు పైనుంచి కిందిదాకా కూలి. అది కూడా మొదటి పేరుకే. తర్వాత అన్నీ చుక్కలు. కూలి అన్న రెండు అక్షరాలు మళ్లీ మళ్లీ రాయడానికి ఆ పంతుళ్లకు చేతులు నొప్పి పుట్టాయి. నేను చదివిన బడిలో నా పేరుకు ఎదురుగా ఉన్నవీ ఆ చుక్కలే.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుటుంబ సర్వే చేయించింది. మా టీచర్లనే ఎన్యూమరేటర్లుగా వేశారు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. నాకు పడ్డ ఇళ్లల్లో మా చుట్టాల ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి. కులం లెక్క తేలాల్సిందే, దానికోసం మనవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు, అందుకని ఆ పని నాకు బరువనిపించలేదు. కానీ వృత్తి దగ్గరకు వచ్చేసరికి మళ్లీ అదే గడి. మా పెద్దమ్మ వాకిట్లో కూసోని "ఏం పని చేస్తావు పెద్దమ్మా?" అని అడిగాను, కాగితం మీద ఉన్నట్టు అడగాలి కాబట్టి. "ఏం పని చెయ్యలేదో అది అడుగురా, తొందరగా అయిపోద్ది" అన్నది.

నేను కూలి అని రాసుకుని పక్కింటికి పోయాను. సర్వేలో చేయగలిగింది అంతే. కానీ ఆ మాట నా వెంట పడింది. సర్వే అయిపోయాక ఒక ఆదివారం ఫోనులో రికార్డింగు పెట్టి పెద్దమ్మ దగ్గరకే పోయి, ఏమేం చేశావో మొదటినుంచి చెప్పమన్నాను. అట్టా మొదలైంది. ఇప్పటికి మా గూడెంలోనూ, మాల పల్లెలోనూ, సత్తుపల్లి టౌనులో ఉండే మా చుట్టాలవీ కలిపి ఇరవై పైచిలుకు గొంతులు నా దగ్గర ఉన్నాయి.

చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక సంగతి చెప్పాలి. మీరూ ఈ పని చెయ్యాలనుకుంటే ఇంటర్వ్యూ అని మాత్రం చెప్పకండి. మా చిన్నాయనకు నేను ఆ మాట చెప్పాను. తెల్లచొక్కా తొడుక్కొని కుర్చీలో నిటారుగా కూసున్నాడు. "నేను కడు పేద కుటుంబంలో జన్మించి అనేక కష్టనష్టాలకోర్చి" అని మైకు ముందు నిలబడ్డ నాయకుడి లాగా మొదలుపెట్టాడు. పావుగంట మాట్లాడినా ఒక్క పని పేరు రాలేదు, ఒక్క మనిషి పేరు రాలేదు. అదే చిన్నాయన ఇంకోరోజు పామాయిల్ తోటలో పొడుగు కర్రకు కట్టిన కొడవలికి ఆకురాయి పెడతా ఉంటే ఊరికే పక్కన కూసున్నాను. ఏ గెల పండిందో కింద రాలిన పండ్లను బట్టి ఎట్టా తెలుస్తదో, గెల మీద పడకుండా ఏ పక్క నిలబడాలో, ముల్లు ఇరిగి చేతిలో ఉండిపోతే ఎన్నాళ్లు చీము పడుద్దో, అశ్వారావుపేట ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు మీద రాత్రంతా ఎట్టా కాసుకుని పడుకున్నాడో చెప్పుకుంటా పోయాడు. ఆడవాళ్లయితే చేతిలో పని ఉంటేనే మాట్లాడతారు. మిరపకాయ తొడిమలు తీస్తా, తాలుకాయ వేరు చేస్తా చెప్పిన కథలే నా దగ్గర అన్నిటికన్నా మంచివి. వాటిలో దగ్గులు కూడా ఉన్నాయి, ఆ ఘాటుకు. మధ్యాహ్నం బొగ్గు గనిలో పేల్చిన చప్పుడు కూడా కొన్నిట్లో పడింది. అప్పుడు అందరూ ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలుపెడతారు.

పెద్దమ్మ ఒక్కతే చెప్పిన పనులు రాసుకుంటే నోటుబుక్కులో నాలుగు పేజీలైంది. నారు పీకడం, నాటెయ్యడం, కలుపు, కోత, కుప్పెయ్యడం మామూలే. ఏప్రిల్, మే నెలల్లో దమ్మపేట అవతల అడివిలోకి తునికాకుకు పోయేది. యాభై ఆకులకు ఒక కట్ట. తెల్లారకముందే పోయి ఆకు తెంపుకొచ్చి, నీడన కూసోని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తీసుకపోయి ఎండలో వరసగా పేర్చి లెక్క చెప్పాలి. లెక్క చూసేవాడు కట్ట పలచగా ఉందని పక్కన పడేస్తే ఆ కూలి పోయినట్టే, ఆకు మాత్రం వెనక్కి ఇవ్వడు. చలికాలం దాటితే జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్లకు. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌కి ఎక్కించాలి. పొగాకు జిగురు చేతికి పట్టుకుంటే సబ్బుకు పోదు. "అన్నం కలిపితే అన్నం చేదు, బిడ్డకు పాలిస్తే రొమ్ము చేదు. నా రెండోది పాలు తాగక ఏడిసేది. ఎందుకో నాకు నాలుగు రోజులకు గానీ తెలవలా" అన్నది. ఈ మాట ఏ గడిలో రాయాలి?

ఆమెకు తారీకులు తెలవవు. మా వాళ్లలో ఎవరికీ తెలవవు. ఆధార్ కార్డులు చూడండి, సగం గూడెం జనవరి ఒకటో తేదీన పుట్టింది. కానీ కాలం తెలవదని కాదు. వెంగళరావు ముఖ్యమంత్రి అయిన ఏడు అంటే 1973. దివిసీమ తుఫాను అంటే 1977 నవంబరు. ఇందిరమ్మను చంపిన ఏడు 1984. భద్రాచలం కాడ గోదారి డెబ్బై అయిదు అడుగులు దాటిన పెద్ద వరద 1986 ఆగస్టు. ఇవన్నీ అందరికీ తెలిసిన గుర్తులే. వీటికి తోడు వాళ్ల సొంత గుర్తులు ఉన్నాయి. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు, ఎర్ర గేదె చచ్చిన ఎండాకాలం, మామ గోడ కింద పడ్డ ఏడు. మగవాళ్లు కూలి రేటును పట్టుకుని కాలం చెబుతారు, ఆడవాళ్లు కానుపులను పట్టుకుని చెబుతారు. రెండూ పక్కపక్కన పెడితే సంవత్సరం తేలుద్ది. ఉపాధి పని వచ్చిన ఏడు మాత్రం ఆడవాళ్లందరికీ గుర్తే. మన జిల్లాలో 2006లోనే మొదలైంది. ఆ కాగితం మీదనే మొదటిసారి మగోడికీ ఆడదానికీ ఒకటే రేటు చూశామని నలుగురు వేరువేరుగా చెప్పారు.

మా గూడెంలో తోలు పని తెలిసిన తాత ఒకాయన మిగిలాడు. ఎనభై దాటింది. చేతులు వణుకుతాయి గానీ మాట వణకదు. కొత్తగా ఒలిచిన తోలును సున్నపు నీళ్లలో నానెయ్యాలి. వెంట్రుక లేచాక గీకాలి. కండ పీసులు ఒక్కటి కూడా ఉండగూడదు. తర్వాత తంగేడు చెక్క దంచి, ఆ నీళ్లలో రోజుల తరబడి నానబెట్టాలి, మధ్యలో చెక్క మార్చాలి. ఆఖరున తోలును సంచి లాగా కుట్టి, చెక్క నీళ్లు పోసి ఏలాడదీస్తే నీళ్లు తోలు గుండా బొట్టు బొట్టు కారతాయి. ఆ బొట్టు రంగు చూసి తోలు ఊనిందో లేదో చెబుతాడు. ఎద్దు తోలు పట్టుకుంటే అది ఎన్నేళ్లు అరక దున్నిందో, కాడి ఏ పక్క మోసిందో మెడకాడి తోలు చెబుద్దంటాడు. "ఊరి నీళ్లన్నీ మా తోలు మీదనే పైకొచ్చినయ్ బాబూ. మోట బొక్కెన మేం కుట్టకపోతే బావిలో నీళ్లు బావిలోనే ఉండేయి. ఆ నీళ్లు పైకొచ్చి కాలవలో పడ్డాక మాత్రం మేం ముట్టుకోగూడదు." ఇంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, మోట పోయింది. బజారులో రబ్బరు చెప్పులు వచ్చాయి, చెప్పుల పని పోయింది. ఆరె, రంపె, గూటం ఆయన ఇంట్లో చూరులో ఉన్నాయి. కల్లం కాడ ఏటా ఇచ్చే మేర కూడా ఆగింది. పని పోతే పోయింది, మాకు లంద వాసన పోయిందని సంతోషించిన కుర్రాళ్లలో మా నాయన తరం ఉంది. అందులో తప్పేం లేదు. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయే పని మానెయ్యమని అంబేద్కర్ చెప్పిందీ అందుకే. కానీ ఒకటి ఆలోచించాలి. సున్నం, చెక్క, నీళ్లు, రోజులు ఇంత లెక్క తెలిసిన మనిషిని వేరే దేశంలో అయితే ఏమని పిలిచేవాళ్లు? ఇక్కడ ఆయన కొడుకు బడిలో చేరినప్పుడు కూలి అని రాశారు. మరాఠీలో దయా పవార్ 1978లో తన బతుకు కథకు బలుత అని పేరు పెట్టాడు. బలుత అంటే అక్కడ ఊరి పనిచేసే కులాలకు ఇచ్చే గింజల వాటా. మన మేర లాంటిదే. తిండిగింజల పేరే పుస్తకానికి పేరయింది. మా తాతకు ఈ సంగతి చెబితే "గింజలు మంచియ్యా, తాలా?" అని అడిగాడు.

మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో పెద్ద ఇళ్లల్లో ఆమె చేతిలో పడని బిడ్డ లేదు ఒకప్పుడు. బిడ్డ అడ్డం తిరిగితే ఆముదం చేతికి రాసుకుని కడుపు పైనుంచి ఎట్టా సర్దాలో, మాయ పడకపోతే ఏం చెయ్యాలో, ఏం చెయ్యగూడదో ఆమె చెబుతుంటే మా ఆవిడ పక్కన కూసోని నోరు తెరుచుకుని విన్నది. అర్ధరాత్రి పాలేరును లాంతరు ఇచ్చి పంపేవాళ్లు. అప్పుడు అంటు లేదు. పురిటి గదిలోకి పోవచ్చు, ఆ ఇల్లాలిని ఒళ్లో పడుకోబెట్టుకోవచ్చు, రక్తం, మాయ, మైల అన్నీ ఎత్తొచ్చు. బిడ్డ ఏడిస్తే అందరికంటే ముందు విన్నది ఆమే. తెల్లారాక ఆమె బయటికి వస్తే వెనకనే పసుపు నీళ్లు చల్లేవాళ్లు. ఒక పాత చీర, కుంచెడు వడ్లు ఇచ్చేవాళ్లు. అవి కూడా గుమ్మం బయట పెడితే తీసుకోవాలి. "నేను బొడ్డు కోసినోడే పెద్దయినాక నన్ను ఏమే అని పిలిచిండు. నేనేమనలే. వాడి తల్లి ఎంత అరిచిందో వాడికి తెలవదు గదా, నాకు తెలుసు." అమ్మమ్మ నవ్వింది ఈ మాటకు. రికార్డింగులో ఆ నవ్వు ఉంది. నేను కాగితం మీద రాసిన దాంట్లో లేదు. ఎట్టా రాయాలో నాకు రాలేదు.

బి.ఎడ్. చదివేటప్పుడు నేను మనకు తెలియని మన చరిత్ర చదివాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల దగ్గరకు పోయి, వాళ్ల మాటలు టేపుల మీద ఎక్కించి 1986లో వేసిన పుస్తకం. తర్వాత గోగు శ్యామల సదాలక్ష్మిగారి బతుకు కథ నేనే బలాన్ని చేసింది, 2011లో. అడిగి రాసుకున్నది కూడా చరిత్రేనని మనకు వాళ్లు నేర్పారు. మావాళ్లకైతే ఇది కొత్త కూడా కాదు. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుని బతికే డక్కలివాళ్లు తరతరాలుగా కిన్నెర పట్టుకుని మన వంశాలు మనకు అప్పజెప్పారు. ఆ కిన్నెరకు 2022లో దర్శనం మొగిలయ్య రూపంలో పద్మశ్రీ వచ్చింది. కాగితం లేదు కాబట్టి మనకు చరిత్ర లేదనేవాళ్లకు ఇంతకుమించి జవాబు అక్కర్లేదు.

ఎవరు అడుగుతున్నారన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికాలో 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వం మనుషుల్ని పంపించి, బానిసత్వంలో పుట్టి ఇంకా బతికున్న 2,300 మందికి పైగా నల్లవాళ్ల కథలు రాయించింది. పోయి అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. చార్లెస్టన్‌లో ఒకే ముసలామె తెల్లామె అడిగితే యజమాని మంచోడని చెప్పింది, నల్లాయన అడిగితే కొట్టిన దెబ్బలు, అమ్ముకున్న పిల్లలు చెప్పింది. రెండూ రికార్డులో ఉన్నాయి. నేను గూడెం వాడినే అయినా నాకూ ఇది తగిలింది. మాల పల్లెకు పోతే మొదట రెండు మూడు రోజులు చాయ్ తప్ప మాట దొరకలేదు. 1994లో దండోరా మొదలైనప్పటి నుంచి 2025 ఏప్రిల్‌లో ఇక్కడ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చేదాకా రెండు వాడల మధ్య నడిచిందంతా ఆ చాయ్ గ్లాసులో ఉంది. "మీ లెక్క మీకు తేలింది గదా సారూ, ఇంకా మా కథలెందుకు?" అని ఒకాయన ముఖం మీదే అడిగాడు. ఆయన కూతురు నా దగ్గర చదువుకుంది కాబట్టి కూర్చోబెట్టాడు. రజాకార్ల కాలంలో వాళ్ల నాయన నిజాం రాజ్యం పొలిమేర దాటి తిరువూరు దిక్కు పారిపోయి, అక్కడ మా మాదిగోళ్ల ఇంట్లోనే ఆరు నెలలు దాక్కున్న సంగతి రెండో ఆదివారం చెప్పాడు.

కొన్ని రాయగూడనివి ఉన్నాయి. ఒక ఇంట్లో ఒక అత్త కథ చెబుతా చెబుతా దొరసానమ్మ వైద్యం సంగతి, చిన్నప్పుడు చెరువులో తీసుకున్న బాప్తిస్మం సంగతి ఎత్తింది. పక్కగదిలో ఉన్న కొడుకు చటుక్కున వచ్చి "సారూ, ఆపు" అన్నాడు. ఆపాను. అతను భయపడింది ఊరికే కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడు ఎస్సీ కాదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు గానీ క్రైస్తవులను కలపలేదు. 2024 నవంబరులో కూడా సుప్రీంకోర్టు క్రైస్తవంలో ఉంటా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒకామెకు కుదరదని చెప్పింది. చర్చికి పోయినా బావి కాడ ఆమెను ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. అది మాత్రం ఏ ఉత్తర్వుకూ కనపడదు. ఆ అత్త చెప్పిన దాంట్లో అన్నిటికన్నా అందమైన ముక్క ఆ చెరువు కాడిదే. తుడిపేశాను. ఆమె పేరూ ఊరూ ఇక్కడా రాయను. మనోళ్ల కథల్లో ఎన్ని ఇట్టా సర్టిఫికెట్ల కింద పూడిపోయాయో.

ఇక మా నాయన. ఆయన నాతో మాట్లాడడు, అంటే కోపం ఉండి కాదు. పొలం సంగతి, జీతం సంగతి, పిల్లల సంగతి మాట్లాడుకుంటాం. ఆయన చిన్నప్పటి సంగతి ఎత్తితే బీడీ ముట్టించుకుని బయటికి పోతాడు. మూడుసార్లు చూసి వదిలేశాను. ఒకరోజు ఆరో తరగతి చదివే నా బిడ్డ ఫోను పట్టుకుని "తాతా, నువ్వు చిన్నప్పుడు ఏం చేసేటోడివి?" అని అడిగింది. దానికి గేదె కథ చెప్పినట్టు చెప్పాడు. ఆ ఇంట్లో ఒక బొల్లి గేదె ఉండేదట. దానికి ఈయన తప్ప ఇంకెవరూ పాలు పితికినా తన్నేదట. చలికి దాని పొట్ట పక్కనే పడుకునేవాడట. "నీ కంటే చిన్నోడినే. తొమ్మిదేండ్లు." "బడికి పోలేదా తాతా?" "మా అక్క పెండ్లికి మా నాయన మూడు వందలు తెచ్చిండు. అవి తీరాలి గదా. ఉగాదికి పోయిన. తీరినై అనేసరికి ఏడు ఉగాదులు పోయినై."

నేను లెక్క చూశాను. మేనత్త పెళ్లయింది 1971లో. 1975 అక్టోబరులో వెట్టిచాకిరి రద్దు ఆర్డినెన్సు వచ్చింది, 1976లో చట్టమైంది. అప్పులన్నీ కొట్టేసినట్టే, జీతగాడు ఆ రోజునుంచి స్వేచ్ఛాజీవి అని ఆ చట్టం చెబుద్ది. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠంగా కూడా చెప్పాను. మా నాయన ఆ చట్టం వచ్చాక ఇంకో రెండేళ్లకు పైగా అదే కొట్టంలో పడుకున్నాడు.

మా మేనత్తకు ఇది తెలవదు. తమ్ముణ్ణి బువ్వకు జరగక పశువుల కాడికి పంపారని ఆమె అనుకుంటది. ఇప్పటికీ పండక్కి వస్తే "నిన్ను బడికి పంపనోళ్లు నన్ను మాత్రం తొందరపడి పంపిండ్రు" అని చచ్చిపోయిన మా తాతను తిడుద్ది. నాయన పక్కనే ఉండి ఊ కొడతాడు. యాభై ఏళ్లకు పైగా ఊ కొట్టాడు.

నా బిడ్డ రికార్డు చేసింది విన్నాక నాయనను అడిగాను, ఇది రాసుకోవచ్చా అని. "అక్కకు వినిపియ్యకు" అన్నాడు. వినిపించనన్నాను. మన ఆడవాళ్లవీ మగవాళ్లవీ కథలతో ఒక పుస్తకం వేస్తున్నారు, దాంట్లో ఇస్తానని చెప్పాను. చాలాసేపు బీడీ తాగాడు.

"పుస్తకమైతే రాసుకో. అక్కకు చదువు రాదు గదా."

మేనత్త మనవరాలు సత్తుపల్లిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతుంది. నా దగ్గర పుస్తకాలు తీసుకుపోయేది ఆ పిల్లే. చదివింది చదివినట్టు రాత్రిపూట నాయనమ్మకు చెబుద్ది. ఆ సంగతి నాయనకు గుర్తుచేశాను.

"అవును గదా" అన్నాడు. బీడీ ఆరిపోతే మళ్లీ ముట్టించలేదు. కొంచెంసేపయ్యాక "ఎప్పుడొస్తది ఆ పుస్తకం?" అని అడిగాడు.